ముప్పై రెండు నెలలు

కాగితాల మీద చూస్తే సుక్రు ఆరు కాటేజీలకు యజమాని. అరకు నుంచి కిందికి దిగే ఘాట్ రోడ్డు పక్కన, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో ఉన్న ఆ ఎకరన్నర అతని పేరునే ఉంది. ఏజెన్సీలో మైదానం వాళ్లు భూమి కొనకూడదని చట్టం. అందుకే కరెంటు మీటరు, పంచాయతీ రసీదు, గేటు మీద బోర్డు అన్నీ సుక్రు పేరు మీదే నడుస్తాయి. పెట్టుబడి పెట్టి కట్టించింది మాత్రం రిటైర్డ్ సుబేదార్ గణపతిరావు. సుక్రు వచ్చినవాళ్ల పెట్టెలు మోస్తాడు, స్నానాలకు నీళ్లు కాస్తాడు, మిగిలిన పొద్దంతా పక్క వాలులో ఉన్న తన కాఫీ తోటలో గడుపుతాడు. అరవై దాటిన ఒంటికి ఆ పనులేవీ బరువనిపించవు. బరువల్లా సాయంత్రం నాలుగింటి పని.

నాలుగింటికి గణపతిరావు వరండాలో కుర్చీ వేయించుకుంటాడు. గెస్టుల కళ్లముందే కాఫీ గింజలు వేయించి, పొడి చేయించి, కాఫీ కలిపించి ఇస్తాడు. ఆయన వెనక గోడకి సింహళ దేశం మ్యాపు ఉంటుంది. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చినవాళ్లు కాఫీ తాగుతూ, "ఈ మ్యాపేంటి సార్?" అని తప్పకుండా అడుగుతారు. అప్పుడు మొదలవుతుంది.

ఎనభై ఏడులో మన ప్రభుత్వం శ్రీలంకకి సైన్యాన్ని పంపింది. అక్కడి తమిళులకీ ప్రభుత్వానికీ మధ్య శాంతి నిలబెట్టాలని శాంతిసేన అని పేరు పెట్టింది. మూడు నెలలు తిరక్కుండానే, ఏ తమిళ పులుల చేత ఆయుధాలు కింద పెట్టించడానికి వెళ్లారో వాళ్లతోనే యుద్ధమైంది. ముప్పై రెండు నెలల తరవాత, వెయ్యిమందికి పైగా జవాన్లను పోగొట్టుకుని, ఏదీ తేలకుండానే సైన్యం తిరిగొచ్చింది. మద్రాస్ రెజిమెంటులో ఒకే కంపెనీలో గణపతిరావు హవల్దారుగా, సుక్రు సిపాయిగా ఆ యుద్ధం చూసినవాళ్లే. గణపతిరావు ఈ కథంతా చెప్పి, చివరికి ఒకే చోట ఆగేవాడు.

"మేం ఓడిపోనేదండి. ఇంకొక్క ఆరు నెలలు టైమిచ్చుంటే పని పూర్తయిపోను. చేతికందిన ముద్దని ఢిల్లీవోళ్లు లాగీసేరు. అవునా సుక్రూ?"

"అవును సాబ్," అనేవాడు సుక్రు, ట్రే పట్టుకుని నిలబడి.

పదకొండేళ్లుగా ఇదే. మొదట్లో ఆ మాట అనడానికి అతనికి ఏమీ అనిపించేది కాదు. తరవాత తరవాత నాలుగు కావస్తోందంటే కాళ్లు బరువెక్కేవి. కోపం కాదది. రోజూ ఒకే బండని కొండ మీదికి తోసేవాడికి ఉండే అలసట.

అయినా కాదనలేకపోవడానికి కారణముంది. గణపతిరావుకి టెక్కలి దగ్గర సొంతూరిలో రామారావు అని ప్రాణస్నేహితుడు. ఇద్దరూ ఒకే రోజు పటాలంలో చేరారు. లంకలో దిగిన నాలుగో నెలలో రామారావు ఎక్కిన ట్రక్కు మందుపాతర మీదికి పోయింది. వెనక ట్రక్కులో గణపతిరావూ సుక్రూ పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. ఆ రోజు రోడ్డు మీద ఏరిందంతా ఒక గోనెసంచిలో సగానికి వచ్చింది. సెలవు దొరికాక గణపతిరావు రామారావు ఇంటికి వెళ్లి, వాళ్లమ్మ కాళ్ల దగ్గర కూర్చుని, "యుద్దం గెలిచాం పెద్దమ్మా. మనోడు ఒట్టినే పోనేదు," అని చెప్పాడు. ఆ మాట చెప్పేసినవాడు ఇంక వెనక్కి రాలేడు. ఆ సంగతి సుక్రుకి తెలుసు. అందుకే ప్రతి సాయంత్రం "అవును సాబ్" అన్నప్పుడల్లా, ఆ గోనెసంచి తాలూకు సగం బరువు తాను మోసినట్టే అనుకునేవాడు.

డిసెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం విశాఖ రైలు దిగి ఒక తల్లీ కొడుకూ వచ్చారు. కొడుకు పేరు ప్రశాంత్. ముప్పై ఏళ్లుంటాయి. విశాఖలో మందుల కంపెనీలో ఉద్యోగం, నాలుగేళ్లుగా ఉండబట్టి తెలుగు బాగానే మాట్లాడుతున్నాడు. తల్లి చెన్నై నుంచి వచ్చిందని, అరకు చూపించడానికి తీసుకొచ్చానని చెప్పాడు. ఆవిడ సన్నగా, నెరిసిన జుట్టు ముడి వేసుకుని, స్వెట్టరు మీద శాలువా కప్పుకుని ఉంది.

సుక్రు వాళ్ల పెట్టె తీసుకుని ముందు నడుస్తున్నాడు. వెనక కొడుకు తమిళంలో అడిగాడు. "చలేస్తోందా అమ్మా?"

"ఓం," అంది ఆవిడ.

సుక్రు అడుగు ఆగిపోయింది. మద్రాసు తమిళంలో అవునంటే 'ఆమా'. పటాలంలో పదిహేనేళ్లు అందరూ అన్నది అదే. అవునన్నదానికి 'ఓం' అనేవాళ్లు ఒక్క చోటే ఉన్నారు. జాఫ్నాలో. చెక్‌పోస్టు దగ్గర సైకిలు దిగి, చేతులెత్తి, అడిగినదానికల్లా భయంగా 'ఓం, ఓం' అనేవాళ్లు. మన దగ్గర పూజ మొదలుపెట్టే మాట అక్కడ తుపాకీ ముందు పలికేవాళ్లు. ముప్పై ఏడేళ్ల తరవాత ఆ మాట తన కాఫీ చెట్ల మధ్య వినిపించింది.

"ఏమైంది అన్నా? బరువుగా ఉందా? నేను తీసుకుంటాను," అన్నాడు ప్రశాంత్.

"నేదు బాబూ," అని సుక్రు మళ్లీ నడిచాడు.

పెట్టె గదిలో పెట్టి తిన్నగా గణపతిరావు దగ్గరికి వెళ్లాడు. ఆయన మంచం మీద కూర్చుని మోకాళ్లకి తైలం రాసుకుంటున్నాడు.

"సాబ్, ఈ రోజు కథ సెప్పకండి."

"ఏటి? ఏటయింది?"

"ఆ రెండో కాటేజీలో దిగినమ్మ జాఫ్నా మడిసి."

గణపతిరావు చేతిలో సీసా పక్కన పెట్టాడు. "నీకెలా తెలుసు?"

"మాట పట్టి."

"అయితే మరీ మంచిది," అన్నాడు గణపతిరావు. "ఇన్నేళ్లూ తెలీనోళ్లకి సెప్పేను. ఆళ్ల కోసం మనం ఏటి సేసేమో, ఎంతమందిమి పోయేమో ఆళ్లకి తెలవాల కదా."

"వద్దు సాబ్. ఆళ్లు సలికి వచ్చేరు, కొండలు సూసుకోడానికి వచ్చేరు."

"నువ్వు బేగి ఎల్లి పాలు మరిగించమను."

నాలుగింటికి వరండాలో ఆ ఇద్దరే గెస్టులు. మిగతా కాటేజీలు ఖాళీగా ఉన్నాయి. ఆవిడ కూర్చుంటూనే గోడ మీద మ్యాపు చూసింది. చూసి, చూపు తిప్పుకుని, లోయ వైపు చూస్తూ కూర్చుంది. అడిగింది ప్రశాంత్.

"మీరు శాంతిసేనలో పనిచేశారా సార్?"

"సేసేను బాబూ. ముప్పై రెండు నెలలూ ఉన్నాను. మీరు జాఫ్నావోళ్లటగా?"

ప్రశాంత్ తల్లి వైపు చూశాడు. ఆవిడ కదల్లేదు. "అమ్మది అక్కడే. తొంభైలో పడవెక్కి రామేశ్వరం వచ్చింది. నేను చెన్నైలో పుట్టాను," అన్నాడు.

గణపతిరావు మొదలుపెట్టాడు. ఈసారి కథ చెప్పినట్టు చెప్పలేదు. లెక్క అప్పగిస్తున్నవాడిలా మెల్లగా చెప్పాడు. మొదటి వారం ఊళ్లోకి నడిచి వెళ్తుంటే జనం మల్లెదండలు వేశారని, ఒక ముసలమ్మ తన తల నిమిరిందని, మూడు నెలలు తిరిగేసరికి అదే రోడ్డు మీద రామారావు పోయాడని చెప్పాడు. "మేం వచ్చింది మీకోసం. మీ ఆడోళ్లనీ పిల్లల్నీ ఆ దేశం సైన్యం సంపేత్తుంటే ఆపడానికొచ్చాం. మరి మా మీదెందుకు తిరగబడ్డారు? అది నాకు ఇప్పటికీ అర్థం కాదు బాబూ."

"ఆపడానికే వస్తే మమ్మల్ని అడగాలి కదా సార్," అన్నాడు ప్రశాంత్. గొంతులో మర్యాద తగ్గలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి. "ఒప్పందం మీద సంతకాలు పెట్టింది రెండు ప్రభుత్వాలు. అందులో మావాళ్లెవరూ లేరు. వెయ్యిమంది జవాన్లు పోయారంటున్నారు. బాధే. మావాళ్లు ఎంతమంది పోయారో ఎవరైనా లెక్కపెట్టారా?"

"యుద్దమంటే..."

"యుద్ధానికి వచ్చామని ఎవరు చెప్పారు సార్? శాంతి అన్నారు."

"ఆరు నెలలు!" గణపతిరావు చెయ్యి కుర్చీ మీద చరిచాడు. "ఇంకొక్క ఆరు నెలలు ఉంచుంటే ఎనభై తొమ్మిదిలోనే ముగిసిపోను. ఆ తరవాత ఇరవయ్యేళ్లు కొట్టుకుని, రెండువేల తొమ్మిదిలో సముద్రం ఒడ్డున అంతమంది సచ్చేరు కదా, ఆళ్లెవరూ సచ్చేవోరు కాదు. దానికి జవాబు సెప్పు."

"మీరు రాకుండా ఉంటే ఎంతమంది బతికేవాళ్లో దానికి మీరు చెప్పండి."

"ప్రశాంత్."

తల్లి పిలిచింది. ఆవిడ తమిళంలోనే మాట్లాడింది. ఆవిడకి తెలుగు వింటే అర్థమవుతుంది గానీ మాట్లాడ్డం రాదు; ముప్పై రెండు నెలలు అక్కడున్నవాడికి తమిళం వచ్చే ఉంటుందనుకుంది.

"నువ్వు అప్పటికి పుట్టనేలేదు," అంది కొడుకుతో. తరవాత గణపతిరావు వైపు తిరిగింది. "అయ్యా, నా పేరు యోగరాణి. మీరు వచ్చినప్పుడు నాకు పందొమ్మిది. మా వీధిలో దండలు నేనూ కట్టాను. మీకు వేసింది నేను కట్టిందో ఏమో తెలీదు. మీరున్నన్నాళ్లూ రాత్రి కుక్క మొరిగితే మా అమ్మ నన్ను బావి వెనక దాచేది. మీరు వెళ్లిపోయాక మా ఇయక్కం వాళ్లు, మీరు పులులంటారే, వాళ్లొచ్చి మా తమ్ముణ్ని తీసుకెళ్లారు. వాడికి పదిహేనేళ్లు. మళ్లీ చూడలేదు. మీరు ఇంకో ఆరు నెలలు ఉండి ఉంటే వాడు బతికేవాడేమో. లేకపోతే మీవాళ్ల చేతిలోనే పోయేవాడేమో. నేను చాలా ఏళ్లు ఇదే లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. లాభం లేదయ్యా. గెలిచినవాళ్లు ఎవరో గానీ, మా వీధికి మాత్రం రాలేదు."

కింద రోడ్డు మీద బస్సు ఒకటి గేరు మార్చుకుంటూ ఎక్కుతోంది.

గణపతిరావు మొహం వాడిపోయింది. ఇంకెవరైనా అయితే అక్కడితో ఊరుకునేవారు. ఆయన ఊరుకోలేకపోయాడు. నిలబడ్డ నేల కుంగుతున్నప్పుడు మనిషి ఏదో ఒకటి పట్టుకుంటాడు.

"ఉండొచ్చమ్మా. పైవోళ్లు తప్పులు సేసుండొచ్చు. కానీ మా కంపెనీ కుర్రోళ్ల మీద ఒట్టేసి సెప్తాను. మేం ఏ ఇంట్లో ఉన్నా ఒక్క గడ్డిపరక ముట్టుకోనేదు. ఎవురి ఉసురూ పోసుకోనేదు. అవునా సుక్రూ?"

సుక్రు ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పటిలా ఆ మాట నోటి చివరికి వచ్చింది. యోగరాణి తల తిప్పి అతని వైపు చూసింది. ఏదో ఆశించి కాదు, ఇతనూ ఆ సేనలోవాడేనా అని అప్పుడే తెలిసినట్టు చూసింది.

"కాదు సాబ్," అన్నాడు సుక్రు.

"ఏటి?"

సుక్రు ట్రే పిట్టగోడ మీద పెట్టాడు. తరవాత, ఎన్నో ఏళ్లుగా వాడని తమిళాన్ని ఒక్కో మాటా వెతుక్కుంటూ, ఆవిడతోనే చెప్పాడు.

"అమ్మా, నేను నవంబరు నెల నుంచి ఒక ఇంట్లో కాపలా ఉన్నాను. అది మాకు పోస్టు. ఇంట్లోవాళ్లని వేరే చోటికి పంపేశారు. ముందు రెండు వేపచెట్లు, తాటాకుల దడి. అప్పుడు వానలు. కట్టెలన్నీ తడిసిపోయేవి. టీ కాచడానికి పొయ్యి అంటుకునేది కాదు. నేను బీరువాలో కాగితాలు తీసి అంటించేవాణ్ని. చివర్లో ఒక గోధుమరంగు కవరు దొరికింది. ఎర్ర దారం కట్టి ఉంది. లోపల మందం కాగితాలు, ముద్రలు ఉన్నాయి. మందంగా ఉన్నాయి కాబట్టి బాగా కాలాయి. రెండు పూటలు వచ్చాయి."

ప్రశాంత్ ఏదో అనబోతే యోగరాణి చెయ్యెత్తి ఆపింది.

"మరో వారానికి ఆ ఇంటి పెద్దాయన వచ్చాడు. చేతిలో గొడుగు. లోపలికి ఎవర్నీ రానివ్వకూడదని ఆర్డరు. పోస్టులో పగలు గేటు దగ్గర నేనే. 'బాబూ, బీరువాలో ఎర్ర దారం కట్టిన కవరుంది, మా అమ్మాయి సర్టిఫికెట్లు, కాలేజీకి పంపాలి, అది ఒక్కటీ ఇచ్చెయ్,' అన్నాడు. నేను కాల్చింది ఏమిటో నాకప్పుడే తెలిసింది. 'రేపు రండయ్యా,' అన్నాను."

"వచ్చాడా?" అంది యోగరాణి.

"వచ్చాడు. మళ్లీ రేపు రమ్మన్నాను. రెండు నెలలకి పైనే వచ్చాడమ్మా. ఒక్కరోజు మానలేదు. వానలో, కర్ఫ్యూ సడలించిన గంటలో, అంత దూరం నడిచి. ప్రతిరోజూ నేను రేపు అనేవాణ్ని, ఆయన సరే బాబూ అనేవాడు. ఒకరోజు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఎందుకో తెలీదు. మేం ఆ పోస్టు వదిలిపెట్టేదాకా నేను దారి చూస్తూనే ఉన్నాను."

గణపతిరావు నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. "గొడుగు ముసిలాయన," అన్నాడు తెలుగులో, తనలో తాను. "గేటు కాడ నిలబడీవోడు. నేను సూసేను."

యోగరాణి అడిగింది. "ఆ కాగితాల మీద పేరేమిటి?"

"తెలీదమ్మా. తమిళం మాట్లాడ్డమే వచ్చు, చదవడం రాదు."

"ఆయనతో కాలిపోయాయని చెప్పాల్సింది."

"భయమేసిందమ్మా."

"చెప్పి ఉంటే కొలంబోకి రాసుకునేవాడు. పరీక్షల ఆఫీసు వాళ్లు ఇంకో కాపీ ఇస్తారు. ఆలస్యమవుతుంది గానీ ఇస్తారు. నేను పడవలో ఏమీ లేకుండా వచ్చాను. నావి అలాగే తెప్పించుకున్నాను."

సుక్రుకి ఆ మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "ఇంకో కాపీ ఉంటుందా?" అని అడిగాడు.

"ఉంటుంది."

ముప్పై ఏడేళ్లు అతను ఆ పొయ్యి గురించే బాధపడ్డాడు. ఆరని కట్టెల గురించి, అంటుకున్న ఎర్ర దారం గురించి. కాల్చినదానికి మందు ఉందని, రేపు రమ్మన్నదానికే లేదని అతనికి ఏనాడూ తట్టలేదు. గోడకి ఆనుకుని మెల్లగా నేల మీద కూర్చున్నాడు.

యోగరాణి అతన్ని ఓదార్చలేదు, తిట్టలేదు. ముందున్న కాఫీ చల్లారిపోయి మీగడ కట్టింది. దాన్ని వేలితో తీసి, కాఫీ మొత్తం తాగేసి, గ్లాసు కింద పెట్టింది. "చలి పెరుగుతోంది," అని కొడుకు చెయ్యి పట్టుకుని లేచి గదికి వెళ్లిపోయింది.

వాళ్లు వెళ్లాక గణపతిరావు కుర్చీలోంచి లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. "నాకెందుకు సెప్పనేదు?" అన్నాడు.

"సెప్తే ఏటి సేసీవోరు సాబ్?"

గణపతిరావు తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

సుక్రు ఇంటికి చేరేసరికి భార్య దేముడమ్మ చోడి అంబలి దించుతోంది. అతని మొహం చూసి గిన్నె పక్కన పెట్టింది. సుక్రు మొత్తం చెప్పాడు. తమ భాషలో, ఒరియా కలిసిన కొండ మాటలో, మొదటిసారి. లంక నుంచి వచ్చాక మూడేళ్లకి పెళ్లయింది వాళ్లకి. అతను నిద్రలో ఏదో తమిళం మాట్లాడతాడని ఆవిడకి తెలుసు. అది పటాలం అలవాటనుకుంది.

"నన్నూ అలాగే తిప్పేరు," అన్నాడు సుక్రు చివరికి. "ఈ తోట పట్టా కోసం తొమ్మిదేళ్లు తిరిగేను. ఆ గుమస్తా రేపు రా అన్నప్పుడల్లా, సరే అనీసి వచ్చీసేవోణ్ని. కోపమొచ్చేది కాదు. ఎందుకు రానేదో నీకెప్పుడూ సెప్పనేదు."

దేముడమ్మ అంబలి గిన్నె అతని ముందుకు జరిపింది. "ఆ గుంట సదువుకుందో నేదో," అంది. మళ్లీ, "తండ్రి అంతగా తిరిగేడంటే బాగా సదివే గుంటే అయ్యుంటాది," అంది. అతను తినకపోతే తానూ తినకుండా కూర్చుంది. అది చూసి తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే తల్లీ కొడుకూ బయల్దేరారు. గణపతిరావు గదిలోంచి రాలేదు. సుక్రు పెట్టె తెచ్చి, స్టేషనుకి పిలిపించిన అద్దె కారులో పెట్టాడు. యోగరాణి కారెక్కబోతూ ఆగింది.

"ఆ ఇల్లు ఏ ఊళ్లో?"

సుక్రు ఊరిపేరు చెప్పాడు. రైలు కట్టకి ఏ వైపో, వినాయకుడి గుడి నుంచి ఎన్నో ఇల్లో కూడా చెప్పాడు. అన్నీ నిన్న చూసినట్టు గుర్తున్నాయి. ప్రశాంత్ ఫోనులో రాసుకున్నాడు, సుక్రు నంబరు కూడా తీసుకున్నాడు. సుక్రు వైపు చూడకుండానే తీసుకున్నాడు.

"మా చెల్లెలు ఇంకా అక్కడే ఉంది," అంది యోగరాణి. "అడగమంటాను. ఏమీ తెలియకపోవచ్చు."

"సరేనమ్మా."

"మీ కోసం కాదు," అంది ఆవిడ. "ఆ అమ్మాయి కోసం."

తరవాత నాలుగు రోజులు గణపతిరావు వరండాలోకి రాలేదు. కొత్తగా వచ్చిన గెస్టులకి కాఫీ వంటమనిషే ఇచ్చాడు. వాళ్లు మ్యాపు గురించి అడిగితే, తెలీదన్నాడు.

అయిదో రోజు సుక్రూ దేముడమ్మా తోటలో కాఫీ పళ్లు కోస్తున్నారు. గణపతిరావు కర్ర పట్టుకుని వాలెక్కి వచ్చాడు. పదకొండేళ్లలో ఆయన ఆ తోటలోకి రావడం అదే మొదలు. ఆయాసపడుతూ ఒక రాయి మీద కూర్చున్నాడు. దేముడమ్మ మంచినీళ్లిచ్చి పక్క వరసలోకి వెళ్లింది.

"రామారావు వోళ్లమ్మకి తొంభై ఏళ్లొచ్చేయి," అన్నాడు. "నెలకోసారి ఫోన్ సేస్తాది. నిన్న సేసింది. 'ఒరే గణపతీ, అక్కడ మనోళ్ల పేర్లు రాయి మీద సెక్కేరట కదా, మావోడి పేరుందా' అంది. ఉందమ్మా అన్నాను. కొలంబోలో ఆ గవర్మెంటోళ్లే కట్టేరు. అదొక్కటీ నిజిమే."

సుక్రు కొమ్మ వంచి పళ్లు దూస్తూ విన్నాడు.

"మనం గెలవనేదు. నాకూ తెలుసు. ఆ ఓడ దిగిన్నాడే తెలుసు. కానీ ఇప్పుడు ఆవిడకి ఏటని సెప్పను?"

"ఆవిడకి గెలిచేమనే సెప్పండి సాబ్. ఆ వయసులో ఇంకేటి సెప్తారు. నేను మాత్రం ఇంక అననేను."

గణపతిరావు తలూపాడు. చేతికందిన కొమ్మ మీద పళ్లు కోయడం మొదలుపెట్టాడు. పచ్చివీ పండువీ కలిపి కోస్తున్నాడు. సుక్రు చూసి, బుట్టలోంచి పచ్చివి ఏరి పారేశాడు.

ఆ తరవాత ఎప్పుడో గణపతిరావు మ్యాపు గోడ మీదనుంచి తీసేశాడు. దాని చోట మేకు మాత్రం ఉండిపోయింది. సాయంత్రాలు కాఫీ ఇస్తూ గెస్టులతో వాతావరణం గురించి మాట్లాడేవాడు. కొన్నాళ్లకి అదీ తగ్గించి, సుక్రు పక్కన పిట్టగోడ మీద కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. ఆ రోజుల గురించి ఇద్దరూ మాట్లాడుకునేవారు కారు. ఒక్కసారి మాత్రం ఆయన అడిగాడు, ఆ గొడుగాయన ఎలా ఉండేవాడని. పొట్టిగా, ముందు పళ్లు రెండు లేకుండా ఉండేవాడని, పేరు ఎప్పుడూ అడగలేదని సుక్రు చెప్పాడు.

ఫిబ్రవరి చివర్లో సుక్రు ఫోనుకి ప్రశాంత్ నుంచి మెసేజి వచ్చింది. తెలుగులోనే రాశాడు. సుక్రు దాన్ని గణపతిరావు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన కళ్లజోడు పెట్టుకుని పైకి చదివాడు. పిన్ని ఆ ఊరు వెళ్లి వచ్చిందట. ఆ ఇంటికి కొత్త పైకప్పు వేశారు, ఇప్పుడు వేరేవాళ్లుంటున్నారు. వేపచెట్టు ఒకటే ఉంది. గొడుగు పట్టుకుని తిరిగిన పెద్దాయన ఎవరికీ గుర్తు లేడు. ఆ వీధిలో ఆ వయసు ఆడపిల్లలున్న ఇళ్లు అప్పట్లో మూడు. ఒకమ్మాయి నార్వేలో ఉంది. ఒకమ్మాయి తొంభై అయిదులో లంక సైన్యం వస్తోందని ఊరంతా ఖాళీ చేసిపోయినప్పుడు దారిలో జ్వరంతో చనిపోయింది. మూడో అమ్మాయి లంకలోనే, వవునియాలో టీచరు. వీళ్లలో ఎవరో, అసలు వీళ్లెవరూ కాదేమో, చెప్పగలిగేవాళ్లు లేరు. ఇంతకంటే తెలియదని అమ్మ చెప్పమంది.

"టీచరే అయ్యుంటాది," అన్నాడు గణపతిరావు గబుక్కున.

టీచరని అనుకుంటే అనుకోవచ్చు. ఎవరూ కాదనరు. సుక్రుకి ఆ అవకాశం తీసుకోబుద్ధి కాలేదు. ముగ్గురినీ అలాగే ఉంచుకున్నాడు, నార్వే అమ్మాయినీ, బడిలో పాఠం చెప్పే అమ్మాయినీ, దారిలో ఆగిపోయిన అమ్మాయినీ.

"జవాబేటి రాయమంటావు?" అన్నాడు గణపతిరావు, ఫోను పట్టుకుని.

క్షమించమని రాయాలంటే అది రాయాల్సింది వాళ్లకి కాదు.

"అందింది అని రాయండి సాబ్. ఆయమ్మ ఎండలో తిరిగినందుకు దండం పెట్టేనని రాయండి."

గణపతిరావు ఒక్కో అక్షరం నొక్కుకుంటూ రాశాడు. రాసింది పైకి చదివి వినిపించి, సుక్రు తలూపాక పంపాడు. తరవాత ఫోను అతని చేతికిచ్చేశాడు. సుక్రు దాన్ని జేబులో వేసుకుని, ఆరబోసిన మిరియాలు తిరగేయాలని గుర్తొచ్చి, తోట వైపు వెళ్లాడు.